నాకు పరపతి వచ్చిన విధము

తెలియజేయడమేమనగా, ఈ నెల పదకొండో తేదీ ఉదయం పదీ ఇరవై నుంచి నేను నమ్మదగిన మనిషిని. కాగితం ఉంది. దాని మీద ముద్ర కూడా ఉంది. అంతకుముందు డెబ్బై ఒక్క ఏళ్లపాటు నన్ను నమ్మినవాళ్లందరూ సరైన ఆధారాలు లేకుండానే నమ్మారనీ, జరిగిందేదో జరిగిపోయింది గనక ఎవరి మీదా చర్య తీసుకోబోమనీ బ్యాంకు ఆఫీసరు పెద్దమనసుతో చెప్పాడు.

అలా ఆధారాలు లేకుండా నమ్మినవాళ్లు తక్కువేమీ కాదు. బస్టాండులో సామాన్లు దాచే గదిలో నేను ముప్ఫై నాలుగేళ్లు పనిచేశాను. ముక్కూమొహం తెలియనివాళ్లు కిటికీ దగ్గరికొచ్చి పెట్టెలు, పరుపుచుట్టలు, కుట్టుమిషన్లు, ఒకసారి చిలకతో సహా పంజరం నా ముందు పెట్టి, అరచేతంత చీటీ పుచ్చుకుని నిశ్చింతగా పోయేవారు. సాయంత్రం వస్తానన్న ఒకాయన రెండేళ్ల తర్వాత వచ్చాడు. పెట్టె ఇచ్చాను. మూత తీసి కూడా చూసుకోలేదు. ఎంత నిర్లక్ష్యమో చూడండి.

ఆ ఉద్యోగంలో నాకు మిగిలింది రెండే. ప్రయాణికులు వదిలేసి పోయిన పత్రికలు చదివి వచ్చిన అక్షరజ్ఞానం ఒకటి. కదిలే బస్సుల కిటికీల్లోంచి ఊగే చేతుల్ని అన్నేళ్లు చూసినందువల్ల పట్టుకున్న జబ్బు ఒకటి. ఎవరైనా సంచి సర్దుతుంటే నాకు కాళ్లలో వణుకు పుడుతుంది. ఆ సంచి కూరగాయలకు తీసుకెళ్లేదైనా సరే. నా తరఫువాళ్లు ఒక్కొక్కరే ఒక్కో బస్సెక్కారు. మా ఆయన బస్సు కూడా ఎక్కకుండానే, కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే వెళ్లిపోయి ఇరవై రెండేళ్లయింది. నాకు మిగిలింది ఆయన అక్కగారు, అంటే మా వదిన. ఆవిడకు మిగిలింది నేను. పాత భవనం రెండో అంతస్తులో రెండు గదులు. నలభై తొమ్మిదేళ్లుగా ఒకే కప్పు కింద, రోజుకు రెండు పూటలా పోట్లాడుకుంటూ ఉంటున్నాం.

వదిన గొప్పతనం గురించి ఇక్కడ కొంత చెప్పాలి. మా ఇంట్లో వాయిదాల మీద రాని వస్తువంటూ లేదు. ఫ్యాను, టీవీ, మంచం, మిక్సీ, చివరికి ఆవిడ కళ్లజోడు కూడా. మొదటి నోటీసుకే డబ్బు కట్టేయడం అవతలివాడిని అవమానించడమని ఆవిడ అభిప్రాయం. రెండో నోటీసుకి కదిలేది. వసూలుకొచ్చినవాణ్ణి కూర్చోబెట్టి, కాఫీ ఇచ్చి, వాడి పిల్లల చదువుల గురించి అడిగి, మూడో నోటీసు తెచ్చినప్పుడు తప్పకుండా ఇస్తానని పంపేది. ఇచ్చేది కూడా. నేను మాత్రం తపాలా ఆఫీసులో పక్కవాళ్ల కలం అడగాల్సి వస్తే ఉత్తరం మానేసి ఇంటికొచ్చే రకం. పుట్టి బుద్ధెరిగాక ఎవరికీ ఒక్క పైసా బాకీ లేను. ఈ లోపం నాలో ఇంత లోతుగా ఉందని అప్పట్లో నాకు తెలియదు.

నిరుడు మా భవనాన్ని పడగొట్టి, వీధికి అవతలివైపు కొత్తది కడుతున్నామని నోటీసు వచ్చింది. పాత అద్దెదార్లకే కొత్త ఫ్లాట్లు అద్దెకిస్తారట. ఆ సంగతి చెప్పడానికి కట్టే కంపెనీ మేనేజరు వచ్చి, మమ్మల్నందరినీ మెట్ల మీద కూర్చోబెట్టి, తాను మాత్రం పైమెట్టు మీద నిలబడి ప్రసంగించాడు.

"ఈ భవనాన్ని మేం ఇటుకలతో కట్టడం లేదు. నమ్మకంతో కడుతున్నాం. నమ్మకాన్ని కొలవడానికి ఈ రోజుల్లో సంఖ్య ఉంది. ప్రతి ఫ్లాటులో ఉండే పెద్దవాళ్లు ప్రతి ఒక్కరికీ పరపతి స్కోరు ఏడు వందలు ఉండాలి. ఇందులో పేదా గొప్పా తేడా లేదు. సంఖ్య ముందు అందరూ సమానమే."

అంతా చప్పట్లు కొట్టారు. తర్వాత ఆయన తన ఫోన్‌లో ఒక్కొక్కరి స్కోరూ అక్కడికక్కడే తీసి చదివాడు. వదినకి ఏడు వందల యాభై రెండు. మెట్ల మీద అందరూ వెనక్కి తిరిగి గౌరవంగా చూశారు. నాకు మైనస్ ఒకటి. సున్నా అయినా ఇవ్వలేకపోయారా అని అడిగాను. సున్నా రావాలంటే ఏదో ఒక అప్పు చేసి ఎగ్గొట్టి ఉండాలనీ, నేను ఆ మాత్రం కష్టం కూడా పడలేదనీ ఆయన వివరించాడు.

ఏడు వందలు లేనివాళ్లను గాలికి వదిలేయరట. వాళ్లకోసం ఊరి చివర రేకుల షెడ్లు వేశారు. రెండు బస్సులు మారి వెళ్లాలి. అంటే వదిన ఇక్కడ, నేనక్కడ. ఏడాది గడువు. రెండు బస్సులు అన్నమాట వినగానే పక్కనున్న వదిన కొంగు పట్టుకున్నాను. వదిన నా మొహం చూసి, మెట్లు దిగుతూ అంది:

"ఏమే, ఇన్నేళ్లు నా పక్కనే ఉన్నావుగా. చూసైనా నేర్చుకోవద్దూ?"

మర్నాడే నేర్చుకోవడానికి బయల్దేరాను. ముప్ఫై ఎనిమిదేళ్ల అద్దె రసీదులు తాడుతో కట్టి, సంచిలో వేసుకుని బ్యాంకుకి వెళ్లాను. ఆఫీసరు కుర్రవాడేమీ కాదు, నడివయసు మనిషి, ఓపికమంతుడు. కట్ట విప్పి రెండు రసీదులు చూశాడు.

"కట్టారు సరేనండీ. కట్టినట్టు ఎవరికి తెలుసు?"

"ఇంటాయనకి తెలుసు బాబూ."

"ఆయనేరీ?"

"పోయారు."

"అదీ సంగతి," అని కట్టను మళ్లీ జాగ్రత్తగా కట్టి నా చేతికిచ్చాడు.

క్రెడిట్ కార్డు తీసుకుంటే అన్నిటికన్నా సులువన్నాడు. నేను వద్దన్నాను. దానికి సిద్ధాంతమేమీ లేదు. నా పేరున కార్డు ఇంట్లో అడుగుపెడితే రెండు రోజుల్లో అది వదిన చేతికి వెళుతుంది. మూడో రోజున మా ఇంటికి సోఫా వస్తుంది. కార్డు లేకుండా పరపతి తెచ్చుకునే దారి చెప్పమన్నాను. ఏదైనా వస్తువు వాయిదాల మీద కొనమన్నాడు.

ఫ్యాన్ల షాపుకి వెళ్లాను. ఫ్యాను ఖరీదు నా సంచిలోనే ఉంది. ఉన్నా సరే వాయిదాల మీదే కావాలన్నాను. ఎన్ని నెలలు అని షాపతను అడిగితే, వీలైనన్ని అన్నాను. వడ్డీ పడుతుందమ్మా అన్నాడు. పడనివ్వండి అన్నాను. అతను నన్ను కాసేపు పరిశీలించి, ఇంట్లో ఇంకెవరైనా పెద్దవాళ్లున్నారా అని అడిగాడు. డెబ్బై ఒక్క ఏళ్లొచ్చాయి, ఇంకెంత పెద్దవాళ్లు కావాలో నాకు తెలియలేదు. చివరికి యంత్రంలో నా పేరు కొట్టి చూసి, స్కోరు లేదు గనక వాయిదాలు కుదరవన్నాడు. స్కోరు రావాలంటే అప్పుండాలి, అప్పు పుట్టాలంటే స్కోరుండాలి. ఈ ఏర్పాటు ఎంత పకడ్బందీగా ఉందంటే, ఇందులోకి దొంగలే కాదు, ఇంకెవరూ దూరలేరు.

అయితే బ్యాంకువారు నాలాంటి నిర్భాగ్యులను కూడా మరచిపోలేదు. మాకోసం విశ్వాస నిర్మాణ రుణం అని ఒకటుంది. అదెలాగంటే, బ్యాంకు నాకు పన్నెండు వేలు అప్పిస్తుంది. ఇస్తుంది గానీ చేతికివ్వదు. తన దగ్గరే పెట్టుకుంటుంది. నేను తీసుకోని ఆ డబ్బును నెలకు వెయ్యి చొప్పున, పైన వడ్డీతో, ఏడాదిపాటు తిరిగి కడతాను. కట్టడం పూర్తయ్యాక పన్నెండు వేలూ నాకిస్తారు. మా సామాన్ల గదిలో పెట్టె తీసుకుని చీటీ ఇచ్చేవాళ్లం. ఇక్కడ పెట్టె లేదు, చీటీ ఒక్కటే. పైగా అద్దె నాదే. అప్పిచ్చిందెవరు, పుచ్చుకుందెవరు అని నేను ఆఫీసరును అడిగితే, అలాంటి ప్రశ్నలు పరపతికి మంచివి కావన్నాడు.

అలా జీవితంలో మొదటిసారి అప్పుపడ్డాను. మొదటి వాయిదా కట్టాను. రెండో నెల వచ్చేసరికి అన్నం సహించడం మానేసింది. మెట్లమీద ఎవరి చెప్పుల చప్పుడైనా బ్యాంకువాళ్లేమో అనిపించేది. తీసుకోని డబ్బు గుండెల మీద ఇంత బరువుంటుందని ఎవరూ చెప్పలేదు. ఇక లాభం లేదని, నా పొదుపు మొత్తం తీసుకెళ్లి మిగిలిన పదకొండు నెలల వాయిదాలూ ఒక్కసారే కౌంటర్లో పెట్టి, రసీదు తీసుకుని, తేలిగ్గా ఊపిరి పీల్చుకుంటూ ఆఫీసరు దగ్గరికెళ్లి నా స్కోరు ఎంతయిందని అడిగాను.

ఆయన మొహం చూస్తే ఎవరో పోయినట్టుంది.

"ఎంత పని చేశారమ్మా," అన్నాడు. "ఇంకా పది నెలలు మనం కలిసి నడవాల్సింది. నెలనెలా మీరు వస్తారు, మేం ఎదురుచూస్తాం. అలా కదా నమ్మకం పెరిగేది. మీరేమో మధ్యలోనే ఖాతా మూసేసి వెళ్లిపోయారు."

నేను, ఎవరినీ వదిలిపెట్టలేని మనిషిని, ఒక బ్యాంకును నడిదారిలో వదిలేశాను. అప్పు తీర్చడం కూడా ఒక వీడ్కోలేనని నాకు ఆ రోజు తెలిసింది. ఇంతకీ స్కోరు పుట్టాలంటే కనీసం ఆరు నెలలు అప్పులో ఉండాలట. రెండు నెలలకే బయటపడ్డ నాకు మైనస్ ఒకటి అలాగే ఉంది. పైగా నా పేరు పక్కన ఎర్ర అక్షరాలతో 'ముందస్తు ముగింపు' అని ఎక్కింది. ఇకమీదట నాకు అప్పు కావాలంటే ఎవరైనా నమ్మకస్తులు హామీ సంతకం పెట్టాలన్నాడు.

నాకున్న నమ్మకస్తురాలు ఒక్కరే. వదినను తీసుకెళ్లాను. ఆవిడను చూడగానే ఆఫీసరు లేచి నిలబడి కుర్చీ జరిపాడు. నావైపు తిరిగి, "వీరిని చూసి నేర్చుకోండమ్మా. ఇరవై ఆరేళ్లలో తొమ్మిది అప్పులు. పదిహేడు నోటీసులు పంపాం. ఒక్కదానికీ విసుక్కోలేదు. ఇలాంటివాళ్ల మీదే మా సంస్థ నిలబడి ఉంది," అన్నాడు. వదిన సిగ్గుపడి కొంగు సర్దుకుంది. ఒక్కసారి కూడా బాకీ పడని నేను మంచిదాన్నేనని, పదిహేడు నోటీసులు అందుకున్న వదిన సంతకం పెట్టాక, ముప్ఫై వేలు మంజూరు చేశారు. పదహారు నెలల వాయిదా.

ఈసారి డబ్బు నిజంగానే చేతికిచ్చారు. దాంతో ఏం చేయాలో తోచలేదు. ఇంట్లో పెట్టుకోవడానికి భయం. ఖర్చుపెట్టడానికి అవసరం లేదు. చివరికి ఆ బ్యాంకులోనే, ఆ ఆఫీసరు దగ్గరే, డిపాజిట్ చేశాను. ఇచ్చినందుకు ఆయన పద్నాలుగు శాతం తీసుకుంటాడు, దాచినందుకు ఆరు శాతం ఇస్తాడు. మధ్యలో ఉన్న ఎనిమిదీ నా నిజాయితీ ఖరీదు. విడిగా కొంటే ఇంకా ఎక్కువ పడేదని వదిన ఓదార్చింది.

ఇక అప్పులో నిలబడి ఉండటం నేర్చుకున్నాను. వాయిదా ఐదో తేదీన. ఒకటో తేదీనే డబ్బు పట్టుకెళ్తే ఆఫీసరు వద్దన్నాడు, తొందర కనపడకూడదట. నాలుగు రోజులు ఆ డబ్బు బియ్యం డబ్బాలో పెట్టి, దాని ఎదురుగా కూర్చునేదాన్ని. వదిన పక్కనే కూర్చుని శిక్షణ ఇచ్చేది. ఊపిరి నెమ్మదిగా తీసుకో, వేరే సంగతేదైనా ఆలోచించు, నీ డబ్బనుకో, అనేది. నా డబ్బే కదా వదినా అంటే, "ఆ మాట పైకనకే, స్కోరు తగ్గుతుంది," అనేది.

ఆరు నెలలకు స్కోరు పుట్టింది. ఆరు వందల అరవై ఎనిమిది. వదిన పక్కవాటాల వాళ్లందరికీ చెప్పుకొచ్చింది. ఇంకా ముప్ఫై రెండు తక్కువ. దానికీ ఉపాయం దొరికింది. నెలకు డెబ్బై పుచ్చుకుని, మనం అద్దె కడుతున్నామని మన తరఫున పైవాళ్లకు తెలియజేసే ఒక సంస్థ ఉంది. నేను అద్దె కడతాను. కట్టానని వాళ్లు చెబుతారు. చెప్పినందుకు వాళ్లకీ కడతాను. ముప్ఫై ఎనిమిదేళ్లు ఎవరూ వినని నా అద్దె, డెబ్బై ఇచ్చేసరికి అందరికీ వినపడింది.

గడువుకు మూడు వారాలుందనగా, ఈ నెల పదకొండున, మేనేజరు కొత్త భవనం కింది గదిలో బల్ల వేసుకుని కూర్చున్నాడు. పక్కనే బ్యాంకు ఆఫీసరు, ముద్రలతో. యంత్రంలో నా పేరు కొట్టి చూశారు. ఏడు వందల మూడు. ఆఫీసరు లేచి చెయ్యి కలిపాడు. మేనేజరు, కృషి ఉంటే వయసు అడ్డు కాదనీ, నా కథ యువతకు ఆదర్శమనీ పొగిడి, కాగితం మీద ముద్ర వేయించాడు. నేను పక్కకు జరిగి వదినను ముందుకు నెట్టాను. ఆవిడదేముంది, లాంఛనమే.

ఆరు వందల తొంభై ఒకటి.

మళ్లీ కొట్టమన్నాం. మళ్లీ అంతే. ఆఫీసరు తెర మీద వెతికి కారణం చెప్పాడు. నాకోసం హామీ సంతకం పెట్టిన రోజునుంచీ నా ముప్ఫై వేలూ ఆవిడ అప్పుగా లెక్కట. నా వాయిదాలు సక్రమంగా వెళ్లడంవల్ల నా స్కోరు పెరిగింది. అంత అప్పు తల మీద ఉన్నందువల్ల ఆవిడది తగ్గింది. ఇందులో యంత్రం తప్పేమీ లేదు. ఇంకొకరిని నమ్మేవాళ్లను నమ్మకూడదని అది ఎప్పుడో తెలుసుకుంది, అంతే.

"మీరేమీ కంగారు పడకండి. మీ ఫ్లాటు మీకు ఖాయం," అన్నాడు మేనేజరు నాతో. "ఆవిడగారికి షెడ్లలో గది రాస్తున్నాను. గాలీ వెలుతురూ బాగుంటాయి."

 వదిన గదిలో కుర్చీ వెతుక్కుని కూర్చుంది. కళ్లజోడు తీసి కొంగుతో తుడుచుకుంది. చాలాసేపు తుడుచుకుంది. తర్వాత నావైపు చూడకుండా, సామాన్లు పంచడం మొదలుపెట్టింది.

"మంచం నువ్వే ఉంచుకో. నీకు నడుంనొప్పి. మిక్సీ నాకెందుకు, ఒక్కదానికి? పెద్ద గిన్నె నీ దగ్గర పెట్టుకో, దాని మూత మాత్రం నేను తీసుకెళ్తా."

"మూత ఒక్కటీ ఏం చేసుకుంటావు వదినా?"

"మూతకోసమైనా వస్తావుగా."

బస్టాండులో లక్ష చేతులు ఊగడం చూసినదాన్ని, ఆ మాటకు తట్టుకోలేకపోయాను. బల్ల అంచు పట్టుకున్నాను. అప్పుడు కనిపించింది, మేనేజరు మోచేతి కింద గులాబీరంగు కాగితాల దొంతర. పైన 'ఇంటిపనివారి నమోదు పత్రం' అని ఉంది. ఒకటి లాగి చదివాను. పేరు. చేసే పని. రాత్రిళ్లు ఇంట్లోనే ఉంటారా. మీకు ఎన్నేళ్లుగా తెలుసు. నాలుగే ప్రశ్నలు. ఏడాదిగా నేను నింపిన కాగితాలన్నిటిలో, ఎన్నేళ్లుగా తెలుసని అడిగినది ఇదొక్కటే.

"దీనికి స్కోరు అక్కర్లేదా బాబూ?" అని అడిగాను.

మేనేజరుకి నా అమాయకత్వం చూసి జాలేసింది. "పనిమనిషికి స్కోరెందుకమ్మా? మీ వంట చేస్తుంది, మీ బీరువా తుడుస్తుంది, మీరు లేనప్పుడు ఇంట్లో ఉంటుంది. అంతేగా. ఆమెకేమీ ఇల్లు అద్దెకివ్వడం లేదుగా."

నేను అక్కడే కూర్చుని నింపాను. చేసే పని, వంట. ఇది పూర్తిగా నిజం కాదు. వంట నేను చేస్తాను, ఆవిడ వంకలు పెడుతుంది. వంకలకు వేరే కాలమ్ లేదు. రాత్రిళ్లు ఇంట్లోనే ఉంటారు, గురకతో సహా. ఎన్నేళ్లుగా తెలుసు, నలభై తొమ్మిది. మేనేజరు చూసి, సంతకం గీకి, మంచి పనివాళ్లు దొరకడం ఈ రోజుల్లో కష్టమని మెచ్చుకున్నాడు. ఆడపడుచు పనిమనిషిగా మారడం గురించి ఆయనకు ఏ అభ్యంతరమూ లేదు. వదినకు మాత్రం ఒకటి ఉంది.

"జీతం ఎంతే?" అంది.

"నీ ఇష్టం వదినా."

"అయితే మూడు నెలలది అడ్వాన్సు ఇయ్యి. సోఫా చూశాను."

కొత్త ఇంట్లో చేరి రెండు వారాలయింది. భవనానికి రెండు లిఫ్టులు. ముందుది ఏడు వందలు దాటినవాళ్లకు. దానికి అద్దం ఉంది, సంగీతం ఉంది. వెనకది పనివాళ్లకు, చెత్తబుట్టలకు. వదిన కాగితం గులాబీరంగుది గనక ఆవిడ వెనక లిఫ్టే ఎక్కాలి. మేముండే నాలుగో అంతస్తు దాకానే అయినా ఆవిడ ఒక తలుపులోంచీ నేను ఒక తలుపులోంచీ వెళ్లడం నాకు పడదు. అందుకని నేనూ వెనక లిఫ్టే ఎక్కుతున్నాను. ఇది నా పరపతికి తగదని మేనేజరు ఒకటికి రెండుసార్లు హెచ్చరించాడు.

పొద్దున ఏడింటికి ఆ లిఫ్టు కిటకిటలాడుతూ ఉంటుంది. ఒకావిడ చంకలో ఆరో అంతస్తు వాళ్ల పసిబిడ్డ నిద్రపోతుంటాడు. ఒకావిడకి ఐదో అంతస్తు వాళ్ల బ్యాంకు రహస్య నంబరు నోటికి వచ్చు. ఆ ఇంటాయనకి గుర్తుండదని ఆవిడకి అప్పగించారు. మరొకావిడ, మూడో అంతస్తులో పక్షవాతం వచ్చిన పెద్దాయనకి ఏ మాత్ర ఎప్పుడు వేయాలో వేళ్ల మీద లెక్కపెట్టుకుంటూ నిలబడుతుంది. వదిన అందరినీ పేరుపేరునా పలకరించి స్కోరెంతని అడిగింది. ఒక్కరికీ లేదు. అదేమిటో కూడా తెలియదు. వాళ్లందరి నడుముల దగ్గరా తాళపుచేతులు మాత్రం గలగలమంటున్నాయి. భవనంలో ఉన్న ఇళ్ల తాళాలన్నీ రోజూ ఆ లిఫ్టులోనే పైకి వెళ్తాయి.

ఈ ప్రమాదం గురించి మేనేజరుకి రాతపూర్వకంగా తెలియజేయడం నమ్మదగిన మనిషిగా నా బాధ్యత. కాగితం, కలం పట్టుకుని కూర్చున్నాను కూడా. కానీ ఆ గుత్తుల్లో ఆయన ఇంటి తాళం చూశాను. మీ ఇంటిదీ చూశాను.